సెల్ఫ్ మోటార్ లేని బండిలో చిన్న బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

మామూలు కారులో బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ కొట్టగానే తెలిసిపోతుంది, ఇంజన్ బరువుగా తిరుగుతుంది. టయోటా ప్రియస్ లాంటి ఫుల్ హైబ్రిడ్లలో (ఇంజన్‌తోనూ, ఎలక్ట్రిక్ మోటార్‌తోనూ నడిచే బళ్లు) ఆ సూచన ఉండదు. అక్కడ ఇంజన్ను తిప్పేది ఎలక్ట్రిక్ మోటార్‌ను నడిపే పెద్ద బ్యాటరీ. 12 వోల్టుల చిన్న బ్యాటరీ పని కంప్యూటర్లను లేపడం, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలను (కరెంటుతో పనిచేసే స్విచ్‌లను) పనిచేయించడం. దానికి వందల ఆంపియర్లు అక్కర్లేదు కాబట్టి సగం చచ్చిన బ్యాటరీతో కూడా బండి రోజూ రెడీ అవుతుంది (డాష్‌బోర్డులో READY అని వెలిగి, కదలడానికి సిద్ధమవుతుంది). ఒకరోజు ఉన్నట్టుండి రెడీ కాకుండా మొరాయిస్తుంది.

అంతకుముందు కనిపించేవి చిన్న చిన్న వింతలు: రిమోట్ ఒక్కోసారి పనిచేయదు, డాష్‌బోర్డులో బ్రేక్ వార్నింగ్, హైబ్రిడ్ వార్నింగ్ కలిసి వెలుగుతాయి, రిలేలు టకటకమంటాయి. వీటిని చూసి పెద్ద బ్యాటరీ పోయిందని హడలిపోకండి. ముందు మల్టీమీటర్ తీయండి.

కొలవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. బండి రెడీలో ఉన్నప్పుడు కనిపించే 14 పైచిలుకు వోల్టులు చిన్న బ్యాటరీవి కావు, డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ వోల్టేజీని దించి చిన్నదాన్ని చార్జ్ చేసే పరికరం) ఇస్తున్నవి. బండి ఆపిన వెంటనే చూసినా అంకె ఉబ్బి ఉంటుంది. తలుపు తెరవగానే చూస్తే కంప్యూటర్లు లేచి కరెంటు లాగుతుంటాయి, తక్కువ చూపిస్తుంది. రాత్రంతా నిలబెట్టి, బ్యాటరీ దాకా చేరాక పావుగంట ఆగి, కీని దూరంగా ఉంచి కొలవండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువంటే బాగా దిగిపోయింది.

దిగిపోవడం వేరు, పాడైపోవడం వేరు. స్లీప్‌లో ఉన్న బండి 30 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నెలకు దాదాపు సగం ఖాళీ. డాష్‌క్యామ్ ఉంటే ఇంకా త్వరగా. అందుకే నెలరోజులు నిలబెట్టిన బండి లేవలేదని వెంటనే కొత్తది కొనడం డబ్బు దండగ. ఏజీఎం (యాసిడ్ గాజుపీచులో ఇంకి ఉండే సీల్డ్ సీసం బ్యాటరీ) మోడ్ ఉన్న చార్జర్‌తో నింపి, ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలవండి. 12.4 దగ్గర కూడా నిలవకపోతే దాని పని అయిపోయినట్టే.

నిలిచినా సరే, లోడ్ పెట్టి చూడాలి. బ్రేక్ తొక్కకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి (రెడీ కాకూడదు), హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ వేయండి. మంచి బ్యాటరీ కాస్త తగ్గి 12 చుట్టుపక్కల నిలబడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లోనే 11.5 కిందికి జారితే మార్చేయండి. నాకు నమ్మకమున్న పరీక్ష ఇదే. షాపు టెస్టర్ కూడా పనికొస్తుంది, కానీ అందులో బ్యాటరీ రకం ఏజీఎం అని, దాని రేటింగ్ ఎంతో సరిగ్గా పెట్టాలి. లేకపోతే అది చెప్పే ఫలితానికి అర్థం లేదు.

వయసు ఒక్కటే చూసి మార్చనక్కర్లేదు. కాకపోతే నాలుగేళ్లు దాటాక ఆరు నెలలకోసారి కొలవడం మంచిది. ఎండ ఎక్కువున్న చోట ఇంకా ముందే.

మార్చేటప్పుడు: బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉంటే గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉన్న ఏజీఎం రకమే పెట్టాలి, ఆ గొట్టం తిరిగి తగిలించాలి. టెర్మినల్ సైజు ముందే సరిచూసుకోండి. బండి పూర్తిగా ఆపి, నెగటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు చివర్లో. కరెంటుతో తెరుచుకునే డిక్కీ అయితే కనెక్షన్ తీశాక పొరపాటున మూయకండి. జంప్ ఇచ్చేటప్పుడు (వేరే బ్యాటరీ నుంచి వైర్లతో కరెంటు ఇచ్చేటప్పుడు) ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యూజులతో పోకుండా కన్వర్టర్ దాకా నష్టం రావచ్చు. కొన్ని కియా, హ్యుందాయ్ హైబ్రిడ్లలో 12 వోల్టులది పెద్ద బ్యాటరీలోనే ఇమిడిన లిథియం రకం. వాటిలో విడిగా సీసం బ్యాటరీ ఉండదు, రీసెట్ బటన్ ఉంటుంది. ఈ అంకెలు దానికి వర్తించవు.