పడమటి గోడ

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో, మేం ఇల్లు గీయడానికి కూర్చుంటే ముందు అడిగేది వెలుతురు గురించే. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు 6 గంటలైనా ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు దాటీ దాటనట్టు వచ్చి దిగిపోతాడు. ఎదురుగా నాలుగంతస్తుల మేడ ఉంటే ఆ కాస్త ఎండా దక్కదు.

ఈ దేశపు ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో 1935లో వీపురి గ్రంథాలయం పూర్తిచేశాడు (ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది). చదువుకునే గది కప్పులో 57 గుండ్రటి రంధ్రాలు, ఒక్కొక్కటీ బావిలా లోతు. ఏటవాలు ఎండ వాటి గోడలకు తగిలి చెదిరి, పుస్తకం మీద నీడ పడనివ్వని మెత్తని వెలుగుగా దిగుతుంది. అదే కప్పు హైదరాబాద్‌లో వేస్తే చదివేవాడి మాడు పగులుతుంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య రోజుల్లోనైతే మధ్యాహ్నం ఉత్తరానికే ఒరుగుతాడు. ఉత్తరపు కిటికీకి ఎండే రాదని ధీమాగా చెప్పే మేస్త్రీలు ఈ సంగతి పట్టించుకోరు.

నిజాంపేటలో ఇల్లు కడుతున్న మా బావ ప్లాను పంపాడు. హాలు పడమటి గోడంతా గాజే.

"మీ దగ్గర అన్నీ ఇలాగే కడతారు కదా?" అన్నాడు ఫోనులో.

"ఇక్కడివాళ్లు ఎండకు మొహం వాచి ఉన్నారు బావా. మీకేం లోటు?"

"సజ్జ వేయిస్తాంలే."

దక్షిణపు గోడకైతే సజ్జ బాగానే పనికొస్తుంది, ఎండ ఎత్తునుంచి పడుతుంది కాబట్టి. సాయంత్రం ఎండ వాలుగా సజ్జ కిందనుంచి దూరి సోఫా దాకా వస్తుంది. దాన్ని ఆపాలంటే నిలువు పలకలో, జాలీయో (కన్నాలున్న తెరలాంటి గోడ) కావాలి. సంతోష్‌నగర్ వైపున్న, నిజాం కాలంనాటి 'పైగా' వంశపు నవాబుల సమాధులకు వెళ్లి, జాలీ లోపలివైపు కాసేపు నిలబడి రమ్మన్నాను. గాలి ఆగదు, ఎండ మాత్రం ముక్కలై నేలమీద పడుతుంది. అద్దాల మేడల ఊరైపోయాక కూడా హైదరాబాద్‌లో నాకు నచ్చిన గోడలు అవే.

బావ వెళ్లొచ్చి ఒప్పుకున్నాడు. అక్కే అడ్డుపడింది.

"ఆ కన్నాల్లో దుమ్ము ఎవరు దులుపుతారురా, నువ్వొచ్చి దులుపుతావా?"

న్యాయమైన ప్రశ్నే. కన్నాలు చీపురు పట్టేంత పెద్దవి చేసి, గోడ మందం పెంచి కొత్త బొమ్మ పంపాను. మేస్త్రీ ఇంకా ధర చెప్పలేదు.