60 వోల్టుల లోపల ఒక కారు

మా ఎలక్ట్రిక్ కిట్ కారు (విడిభాగాలతో మనమే బిగించుకునే కారు) ప్రాజెక్టులో లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. వెల్డింగ్ నా పని కాదు, మోటార్ల చదువూ నేను చదవలేదు. కానీ ఏ వస్తువు ఎందుకు కొంటున్నామో తెలియకుండా దాని ఖర్చు రాయడం నాకు నచ్చదు. అందుకే ప్రతి బిల్లు దగ్గరా ఆగి అడుగుతాను. అలా అడిగీ అడిగీ నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి ఒకటి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఈ కారు ఎంతలో తయారవుతుందన్నది సామాను కొనడానికి చాలా ముందే తేలిపోతుంది. ఎంత వేగంగా పోవాలి, బ్యాటరీ ఎన్ని వోల్టులు ఉండాలి అని అందరం కూర్చుని ఒక మాట అనుకున్న రోజున.

ముందు వేగం సంగతి. ఇద్దరు మనుషులతో కలిపి 600 కిలోలుండే చిన్న కారు చదునైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రాల దగ్గర సుమారు 4 కిలోవాట్లు చాలు. అదే కారు 90లో పోవాలంటే 10 కిలోవాట్ల దాకా కావాలి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి కావలసిన పవర్ అయితే ఘనంగా పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు చేస్తే, పవర్ దాదాపు రెండున్నర రెట్లు అయింది. ఆ తేడా మోటారుతో ఆగదు. మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే కంట్రోలర్ పెద్దది కావాలి, కేబుళ్లు లావు కావాలి, బ్యాటరీ పెరగాలి, బ్యాటరీ బరువుకు స్ప్రింగులు, బ్రేకులు మారాలి. పుస్తకంలో ప్రతి వరుసా పెరుగుతుంది.

మా కుర్రవాళ్లు కొందరు హైవే మీద పోయే బండే కావాలన్నారు. వాళ్ల ఆశను నేను తీసిపారేయను. అయితే ఈ కారు ఎవరి కోసం అని మొదలుపెట్టామో వాళ్లు రోజూ తిరిగేది పది పదిహేను కిలోమీటర్ల దూరాలు. పనికి వెళ్లాలి, పిల్లల్ని బడి దగ్గర దింపాలి, ఆసుపత్రికి వెళ్లాలి. వాళ్లకు 60 చాలు. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

వోల్టేజీ మీద మాత్రం చాలాకాలం వాదించుకున్నాం. పాత నిస్సాన్ లీఫ్ బ్యాటరీ ప్యాక్‌ను ఉన్నదున్నట్టు వాడదామని ఒక పక్షం. మొదట వచ్చిన లీఫ్‌లో 48 మాడ్యూళ్లు (కొన్ని సెల్స్ కలిపిన పెట్టెలు), 24 కిలోవాట్ అవర్లు, సుమారు 360 వోల్టులు. వోల్టేజీ ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది, సన్నటి కేబుళ్లతో పని జరుగుతుంది. 10 కిలోవాట్లకు 360 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు చాలు, 51 వోల్టుల దగ్గర దాదాపు 200 ఆంపియర్లు కావాలి. ఇంజనీరింగ్‌గా చూస్తే వాళ్ల మాటలో తప్పేమీ లేదు.

రెండో పక్షం మాది. వాహనాల భద్రతా నియమాల్లో 60 వోల్టుల డీసీ దగ్గర ఒక గీత ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆర్100 నిబంధన కూడా అది దాటినదాన్నే హై వోల్టేజీగా చూస్తుంది. గీత దాటితే నారింజ రంగు కేబుళ్లు, ఇన్సులేషన్ పరీక్షలు, శిక్షణ పొందిన మనుషులు, ఇలా ఒక పెద్ద ప్రపంచమే మొదలవుతుంది. గీతకు ఇవతల ఉంటే మా షెడ్డులోకి వచ్చే ప్రతి మనిషికీ ఏదో ఒక పని అప్పగించవచ్చు. నేను సమూహం కోసం ఓటు వేశాను. నలుగురు చేయి వేయలేని కారును నలుగురి ప్రాజెక్టు అని పిలవడానికి నా మనసొప్పదు.

చివరికి 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వరుసగా కలిపాం. ఒక్కోటి మామూలుగా 3.2 వోల్టులు, అన్నీ కలిపి 51.2. పూర్తిగా చార్జ్ అయినప్పుడు ఒక్కోటి 3.65 దాకా వెళ్తుంది, మొత్తం 58.4. గీతకు ఇవతలే. 280 ఆంపియర్ అవర్ల సెల్స్ కాబట్టి ప్యాక్ 14.3 కిలోవాట్ అవర్లు. సెల్స్ బరువు 90 కిలోల లోపే. నిలకడగా 60లో పోతే లెక్క ప్రకారం 150 కిలోమీటర్లు రావాలి. ఆగుతూ బయల్దేరుతూ పోయే రోడ్ల మీద 100 అనుకోమని అందరికీ చెబుతున్నాం. లీఫ్ మాడ్యూళ్లే వాడాలనుకునే వాళ్లకూ దారి ఉంది. ఏడింటిని వరుసగా కలిపితే నిండినప్పుడు 58.8 వోల్టులు వస్తాయి. అలాంటి వరుసల్ని పక్కపక్కన కలుపుకోవచ్చు.

కాలేజీలో చదివే అమ్మాయి ఒకామె మొదటిసారి ప్యాక్ దగ్గరికి వచ్చి, "అక్కా, ఇది షాక్ కొట్టదు కదా, ఇక భయం లేనట్టేనా?" అని అడిగింది. లేనట్టు కాదు. పొడి చేతులకు షాక్ ప్రమాదం బాగా తగ్గుతుంది, నిజమే. కానీ రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. స్పానర్ ఎర్రబడి అక్కడే అతుక్కుపోతుంది. ఉంగరం ఉన్న వేలు మధ్యలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ప్యాక్ మూత తీసేముందు ఉంగరం, గొలుసు, వాచీ అన్నీ తీసి డబ్బాలో వేయాలి. స్పానర్లకు పిడి నుంచి చివరి దాకా టేపు చుట్టి ఉండాలి. ఈ రెండింటి దగ్గర మా షెడ్డులో ఎవరికీ మినహాయింపు లేదు.

ఆ అమ్మాయికి నేనే ప్రీచార్జ్ గురించి చెప్పాను, నాకూ అది ఎంతో నచ్చిన పాఠం. కంట్రోలర్ లోపల విద్యుత్తును కాస్త నిల్వ ఉంచుకునే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నప్పుడు బ్యాటరీని నేరుగా కలిపితే కరెంటు ఒక్కసారిగా దూకుతుంది, కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే, విడదీసే పెద్ద స్విచ్) పలకలు నిప్పు చిమ్మి అతుక్కుపోవచ్చు. అలా అతుక్కున్న కాంటాక్టర్ అత్యవసరంగా ఆపాల్సినప్పుడు తెరుచుకోదు. అందుకని ముందు కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ గుండా కొద్దిసేపు కరెంటు పోనిచ్చి, కెపాసిటర్లు నిండాకే కాంటాక్టర్‌ను కలపాలి. చిన్న రెసిస్టర్, చిన్న రిలే. మొత్తం కారులో అంత తక్కువ ఖర్చుతో అంత పెద్ద ప్రమాదాన్ని ఆపేది ఇంకొకటి నా పుస్తకంలో లేదు.

చాసిస్, అంటే బండికి అస్థిపంజరం లాంటిది, ఆ పని మా వెల్డింగ్ పెద్దాయనది. 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, మందం మిల్లీమీటరున్నర. ఆయన ముందు చాసిస్ జోలికే పోలేదు, జిగ్ చేశారు. పైపుల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రం అది. "బండి ఒకటే చేసేట్టయితే జిగ్గుతో పనిలేదు బాబూ, పది చేయాలంటే జిగ్గే బండి" అన్నారు. పైపులన్నీ అమర్చి, అన్ని మూలల్లో చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టి, కొలతలు సరిచూసుకున్నాకే పూర్తి అతుకు వేస్తారు. అదీ ఒకే వైపు వరుసగా వేయరు, ఈ మూల కొంత, ఎదురు మూల కొంత. వేడికి ఒక పక్కకు లాగకుండా ఉండాలంటే అదే దారి. ప్రతి చతురస్రంలో ఒక ఏటవాలు పైపు పడి త్రికోణాలు ఏర్పడాలి, లేకపోతే మలుపులో చాసిస్ మెలి తిరుగుతుంది.

హబ్బులు, స్టీరింగ్ రాక్, సస్పెన్షన్ చేతులు పాత చిన్న కారు నుంచి తీసుకున్నాం. బ్రేకుల్లో మాత్రం కొత్త పైపులు, కొత్త సీళ్లు. ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఉంది. పెట్రోలు కారులో కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ ఇంజను నుంచి వస్తుంది. ఇంజను లేనప్పుడు విడిగా ఎలక్ట్రిక్ పంపు పెట్టాలి, లేదా బూస్టర్ లేకుండానే కాలి బలంతో ఆగేంత తేలికగా బండిని ఉంచి, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసేది), పెడల్ దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. మేం రెండోది చేస్తున్నాం. బ్రేకు, స్టీరింగ్, ఫ్యూజు, ఈ మూడింటి బిల్లుల మీద నేను బేరం ఆడను, ఆడనివ్వను.

పొదుపు చేయాలంటే వేరే చోట్లు బోలెడున్నాయి. 2020లో వచ్చిన సిట్రోయెన్ అమీకి ఎడమ తలుపు, కుడి తలుపు ఒకటే. ఒక వైపు కీళ్లు ముందుంటాయి, ఇంకో వైపు వెనకుంటాయి. అంటే ఒకే అచ్చు. మాకూ తలుపుకు ఒక్క అచ్చే ఉండాలని పట్టుబట్టాను.

ఇంకో ఖర్చు బిల్లుల్లో కనిపించదు, కాగితాల పని. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కిట్‌గా అమ్ముడుపోవడానికి పెద్ద కారణం పన్ను. విడిభాగాలుగా కొంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కడైనా సరే, ఇంట్లో చేసిన బండి రోడ్డెక్కాలంటే ఏ వర్గంలోకి వస్తుందో ముందే తెలియాలి. యూరప్‌లో ఎల్7ఈ అనే, చిన్న నాలుగు చక్రాల బండ్ల వర్గంలోని మనుషులు ప్రయాణించే బండి బ్యాటరీ కాకుండా 450 కిలోలు దాటకూడదు, మోటారు 15 కిలోవాట్లు దాటకూడదు. మీ దగ్గర నియమం వేరే ఉంటుంది. జిగ్ చేయకముందే తనిఖీ అధికారిని కలిసి డ్రాయింగులు చూపించండి.

ప్రస్తుతం నేను పట్టుకున్న పని ఈ కారును ఎలా తయారు చేయాలో చెప్పే మాన్యువల్. షెడ్డుకు ఎప్పుడూ రాని మనిషి చేతికి ఒక అధ్యాయం ఇచ్చి, మేం ఎవరం నోరు మెదపకుండా ఆ పని చేయమంటాం. ఎక్కడ ఆగిపోతే అక్కడ వాక్యం మారుస్తాం, ఫొటో కలుపుతాం. బ్యాటరీ పెట్టె అధ్యాయం అయిపోయింది. బ్రేకుల అధ్యాయానికి ఎప్పుడూ బ్రేకు ఆయిల్ మార్చని మనిషి కావాలి, వెతుకుతున్నాను.