భోజనాల గది బోసిగా ఉందా? ముందు ట్యూబ్‌లైటు సంగతి చూడండి

తిరుపతి అపార్టుమెంట్లలో భోజనాల గది అంటే చాలావరకు హాలుకూ వంటింటికీ మధ్య మిగిలిన జాగానే. తెల్ల టైల్సు, తెల్ల గోడ, నెత్తిన ట్యూబ్‌లైటు, ఒక మూల చేతులు కడుక్కునే బేసిను, ఇంకో మూల ఫ్రిజ్. ఆ తెల్లటి వెలుగు కింద ఎంత సామాను సర్దినా గది బోసిగానే ఉంటుంది.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కూల్ డే లైట్ అని అమ్మేవి 6500 కెల్విన్. బల్ల మీదికి 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ కావాలి. డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 ఉందేమో చూసుకోండి. అది తక్కువైతే టమాటా పప్పు, గోంగూర పచ్చడి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వేలాడే దీపం అడుగు అంచు బల్లకు 30 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకంటే దించితే ఎదుటివారి మొహానికి అడ్డం, పైకెత్తితే బల్బు కళ్లలో పడుతుంది.

మన ఇళ్లలో అసలు చిక్కు ఫ్యానుతో. తిరుపతి ఎండల్లో ఫ్యాను తీసేయమనడం కుదిరే పని కాదు. మామూలు 48 అంగుళాల ఫ్యాను రెక్క ఫ్యాను నడుమ నుంచి రెండడుగుల మేర తిరుగుతుంది. దీపాన్ని ఆ నడుమ నుంచి కనీసం మూడున్నర అడుగులు జరిపి, బల్లను దీపం కిందికి లాగండి. తేలికపాటి వెదురు షేడు గాలికి ఊగుతూనే ఉంటుంది. ఇత్తడిదో, కడ్డీకి బిగించేదో మేలు. జాగా చాలకపోతే బల్ల పక్క గోడకు రెండు దీపాలు, ఐదున్నర అడుగుల ఎత్తులో. ఫ్యాను రెక్కలకు పైన మాత్రం ఏ దీపమూ వద్దు, కంచంలో నీడలు గిరగిరా తిరుగుతాయి. వెలుగు తగ్గించే డిమ్మర్ పెడితే బల్బు కూడా 'డిమ్మబుల్' రకమే కొనాలి, లేకపోతే మినుకుమినుకుమంటుంది. ట్యూబ్‌లైటును వేరే స్విచ్చు మీద ఉంచుకోండి, పిల్లల హోంవర్కుకీ తుడవడానికీ అదే నయం.

గోడలన్నిటికీ రంగు అక్కర్లేదు. బల్ల వెనక గోడకు ఒక్కదానికి ఇటుక రంగో, గంధం రంగో చాలు. పసుపు చేతుల మరకలు తుడిస్తే పోయేలా వాషబుల్ ఎమల్షనే వేయించండి. షేడ్ కార్డును షాపులో చూసి ఖాయం చేయొద్దు. అడుగు మేర నమూనా పూసి, రాత్రి కొత్త బల్బు కింద చూడండి. గంధం రంగు పసుపు వెలుగులో ఒక్కోసారి మరీ ముదురుతుంది.

ఆ గోడకు శ్రీకాళహస్తి కలంకారీని మించింది ఈ చుట్టుపక్కల లేదని నా లెక్క. వెడల్పు బల్లలో మూడింట రెండొంతులు, కింది అంచు కుర్చీ వీపుకు 8 అంగుళాల పైన. పైన రెండంగుళాల మడత కుట్టించి చెక్క కడ్డీకి తొడిగితే ముడతలు పడదు. ఎండ నేరుగా తగిలితే రంగులు వెలుస్తాయి, బేసిను పక్కనైతే తడికి మరకలు పడతాయి. దాన్నే బల్ల మీద పరిచేవాళ్లున్నారు, దయచేసి వద్దు. సాంబారు మరకకు సబ్బు తగిలితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది, రుద్దితే రంగూ పోతుంది. బల్లకు ముతక నూలు పట్టీ చాలు. దానికి పడిన పసుపు మరకను ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది.

కిందికి జంపఖానా వేయాలంటే బల్లకు నాలుగు వైపులా రెండడుగులు ఎక్కువుండాలి, అంటే 5×3 బల్లకు 9×7. చిన్నదైతే వెనక్కి జరిపినప్పుడల్లా కుర్చీ కాళ్లు అంచుకు తట్టుకుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వేయకండి, మెతుకులు ఏరుకోవడమే పనవుతుంది.