పొగ పట్టిన కప్పు

ఈ రోజంతా ఒకే ప్లాను మీద గడిచిపోయింది. పల్లెలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన పొద్దున్నే ఫోన్ చేసి, "మా పాతింటిలాగే కనపడాలండీ" అన్నారు. వాలు కప్పు, వసారా, చెక్క స్తంభాలు కావాలట. వసారాలో ఎవరు కూర్చుంటారని అడిగితే కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఎలివేషన్‌కి బాగుంటుంది కదా" అన్నారు. మూడడుగుల వసారా గీశాను. స్లాబు బరువంతా బీములే మోస్తున్నాయి, స్తంభాలు ఊరికే నిలబడ్డాయి. చూస్తే నాకే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం పని సాగక జపాన్‌లోని షిరకావా-గో ఇళ్ళ గురించి చదువుతూ కూర్చున్నాను. నమస్కారానికి జోడించిన చేతుల్లా నిట్రంగా ఉండే గడ్డికప్పులు వాటివి. మంచు నిలవకుండా జారిపోవాలి కాబట్టి అంత వాలు. కప్పు దూలాలకు మేకులు కొట్టరు, తాళ్ళతో బిగిస్తారు. కప్పు కింది అటకల మీద ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవారు. నాకు బాగా పట్టుకున్నది మాత్రం పొయ్యి సంగతి. ఇంటి మధ్యలో నేల మీద రగిలే ఆ పొయ్యి పొగ పైకెక్కి గడ్డికీ తాళ్ళకీ పట్టి, పురుగు చేరకుండా, చెమ్మ నిలవకుండా కాపాడుతుందట. అంటే వంట మానేస్తే కప్పు పాడవడం మొదలవుతుందన్నమాట!

అక్కడివాళ్ళు 1971లోనే ఇళ్ళు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు అని కట్టుబాటు చేసుకున్నారు. యునెస్కో గుర్తింపు వచ్చింది 1995లో. కప్పు మార్చాల్సి వస్తే ఊరంతా కలిసి ఎక్కుతారు, దాన్ని 'యుఇ' అంటారు. (మా అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకు కడిగించడానికే మూడు మీటింగులు పెట్టాం.)

సాయంత్రం ఆయనకు మళ్ళీ ఫోన్ చేశాను. "పాతింటి వసారాలో ఎవరుండేవారో గుర్తొచ్చిందా?" అంటే, "మా అమ్మేనండీ. ఇప్పటికీ మధ్యాహ్నమైతే మంచం బయటికి లాక్కుంటుంది" అన్నారు. మూడడుగుల్లో మంచం వేస్తే నడవడానికి దారి ఉండదు. వసారాని ఎనిమిది అడుగులు చేశాను. దాని మీద స్లాబు తీసేసి పెంకు వేశాను. స్తంభాలకు ఇప్పుడు మొయ్యడానికి ఏదో ఒకటి ఉంది. హాలు తగ్గింది. రేపు ఆ మాట చెప్పాలి, అదొక్కటే టెన్షన్.