ముడత విప్పి చూడనిదే మందు కొట్టకూడదు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మా పొలంలో మొన్న రబీ వరి నాటిన 40 రోజులకు, గట్టు మీద నిలబడి చూస్తే పచ్చటి పైరులో అక్కడక్కడా తెల్లటి చారలు కనిపించాయి. పక్క మడి మామ నన్ను చూసి, "అబ్బయా, ఆకుముడత దిగింది, ఈ సాయంత్రమే మందు కొట్టు" అన్నాడు. నేను మాత్రం ముందు మడిలోకి దిగి ఆకులు విప్పి చూశాను.

ఈ పురుగు ఆకు రెండు అంచులను దగ్గరకు లాగి, సన్నటి దారాలతో కుట్టి, గొట్టంలా మార్చుకుని లోపల ఉండి పత్రహరితాన్ని గీకి తింటుంది. అందుకే ఆకు మీద పొడవుగా తెల్లటి చారలు పడతాయి. లేత ఆకుపచ్చగా, గాజులా మెరిసే పురుగును వేలితో తాకితే గిలగిల కొట్టుకుంటుంది. ముడతలో పురుగుకు బదులు గోధుమ రంగు కోశం గాని, ఖాళీ పొర గాని ఉంటే, ఆ ఆకుపై చల్లిన మందుకు ఖర్చు తప్ప ఫలితం ఉండదు. వేరుశనగలోనూ ఆకుముడత అనే మాట వాడతాం గాని, అది వేరే పురుగు. అది మొదట ఆకు పొరల మధ్య తొలిచి, తరువాత ఆకులను ముడుస్తుంది, బెట్ట సమయంలో విజృంభిస్తుంది. వరి ముడతకు మబ్బు పట్టిన వాతావరణం, చెట్ల నీడ, అన్నిటికంటే ఎక్కువగా యూరియా కావాలి. పైరు నల్లగా కనపడాలని ఒకేసారి బస్తా యూరియా గుప్పించే మన అలవాటే దానికి విందు.

పిలకల దశలో పడిన దెబ్బను పైరు చాలావరకు పూడ్చుకుంటుంది. ఆ దశలో 10 శాతం ఆకులు, పూత దశలో 5 శాతం పోటాకులు (వెన్నుకు కిందే ఉండే చివరి ఆకులు) దెబ్బతింటేనే మందు గురించి ఆలోచించాలి. పోటాకు గింజకు పాలు పోసే ఆకు కనుక దాని విషయంలో ఉదారత పనికిరాదు.

మూడేళ్ళ క్రితం ఎడగారులో (రబీ తరువాత వేసే పంటలో) ఒక దుకాణదారు మాట విని సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టాను. ముడత తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. సాలీళ్ళు, మిత్రపురుగులు చచ్చిపోవడంతో దుబ్బుల మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమ పేరుకుని మడిలో సుడులు సుడులుగా పైరు ఎండిపోయింది. ఎకరాకు ఒక పుట్టి ధాన్యం దాకా నష్టపోయాను.

ఇప్పుడు పొట్టదశకు (వెన్ను ఇంకా పొట్టలోనే ఉండే దశకు) ముందైతే, ఇద్దరం చెరో గట్టు మీద నిలబడి పైరు మీదుగా తాడును రెండు మూడు సార్లు అటూ ఇటూ లాగుతాం. ముడతలు కొంతవరకు విచ్చుకుని పురుగులు నీళ్ళలో పడతాయి. అప్పటికీ దెబ్బ పైన చెప్పిన శాతాలు దాటితే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతం పొడిని లీటరు నీటికి 2 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణాన్ని 0.3 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేస్తాను. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు ఆడుతాయి, మందు కొట్టేవాడికీ నడవడానికి దారి ఉంటుంది.

ఆ రోజు విప్పిన 20 ముడతల్లో ఐదింటిలోనే బతికున్న పురుగులు దొరికాయి. రెండింటిలో సాలీళ్ళు కాపురం ఉన్నాయి. మిగిలినవన్నీ ఖాళీ. మామ సాయంత్రం స్ప్రేయరు తీసుకుని వచ్చాడు గాని, ఆ ఆకులు చూపించాక దాన్ని గట్టు మీదే దించి, తాడు రెండో కొస పట్టుకున్నాడు.