ఎండాకాలం హైదరాబాద్‌లో మడమ నొప్పితో తిరగాలంటే ఏ చెప్పులు

పత్తర్‌గట్టీలో చెప్పుల దుకాణానికి వెళ్లి మడమ నొప్పి అని చెప్తే చాలు, సైజు కూడా అడక్కుండా మెత్తటి జత ఒకటి తీసి చేతిలో పెడతారు. "మంచిగ మెత్తగున్నది మేడమ్, ఒక్కపాలి ఒత్తి చూడుర్రి" అంటూ ఆ కుర్రాడు బొటనవేలితో సోలు నొక్కి చూపించాడు. గోరు మునిగేంత లోతుకు దిగింది వేలు. పక్కన కూర్చున్న పెద్దాయన మోకాళ్ల నొప్పికని అదే రకం కొనుక్కుంటున్నారు. ఊరంతా ఇదే మాట. మెత్తగా ఉంటే మందు అనుకుంటారు. ప్లాంటార్ ఫేషియైటిస్ అనే మడమ నొప్పి ఉన్నవాళ్లకు ఈ మాట వల్ల జరిగే నష్టం తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

మడమ ఎముక అడుగున మొదలై కాలివేళ్ల మొదళ్ల దాకా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. నిలబడినప్పుడు పాదం వంపు కిందికి కుంగకుండా పట్టి ఉంచేది అదే. మడమ దగ్గర అది అతుక్కున్న చోట పదే పదే లాగుడు పడితే వచ్చేదే ఈ జబ్బు. పొద్దున లేచి వేసే మొదటి అడుగుకీ, చాలాసేపు కూర్చుని లేచినప్పుడూ చురుక్కుమంటుంది. ఎముక పెరిగిందంటారు చాలామంది. ఎక్స్‌రేలో ఎముక ముల్లు కనబడినా ఏ నొప్పీ లేనివాళ్లు బోలెడుమంది ఉన్నారు. బాధంతా ఆ పట్టీది. మరీ మెత్తటి సోలు మీద మడమ ఓ పక్కకు ఒరుగుతుంది, వంపు దిగిపోతుంది, పట్టీ ఇంకా సాగుతుంది. వేసుకున్న పది నిమిషాలూ హాయిగానే ఉంటుంది. మదీనా నుంచి చార్మినార్ దాటి చౌమహల్లా దాకా నడిచేసరికి అసలు సంగతి బయటపడుతుంది.

దుకాణంలో చేతులతోనే తేల్చుకోవచ్చు. చెప్పు మడమ వైపు ఒక చేత్తో, ముందువైపు ఇంకో చేత్తో పట్టుకుని వంచాలి. వేళ్ల మొదళ్లు ఆనే చోట వంగితే మంచిది. సరిగ్గా మధ్యలో, అరికాలి గుంట దగ్గర మడత పడితే అక్కడే పక్కన పెట్టేయండి, ఎందుకంటే నడిచేటప్పుడు మీ పాదమూ అక్కడే కుంగుతుంది. తర్వాత తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి చూడండి. కాస్త మెలి పడొచ్చు, పూర్తిగా తిరిగిపోకూడదు. మూడోది మడమ గుంట. పాదం పెట్టే చోట మడమ కూర్చునేలా చుట్టూ అంచు లేచి ఉండాలి. మడమ అడుగున సహజంగా ఉండే కొవ్వు మెత్త పక్కలకు చెదరకుండా ఆ అంచు ఆపుతుంది. మెత్తదనం అక్కర్లేదని కాదు, మడమ కింద పైపొర కొంచెం మెత్తగా ఉండాలి. దాని కింద గట్టి పొర ఉండాలి. వేలితో నొక్కితే కొంచెం దిగి ఆగిపోవాలి, తీయగానే పైకి రావాలి.

ఇంక వంపు ఆసరా. దాని ఎత్తు చూస్తారు గానీ చోటు చూడరు. చెప్పు లోపలి ఉబ్బు మడమకు కాస్త ముందు, పాదం లోపలి వైపు గుంటలోకి వచ్చి ఆనాలి. ఒక సైజు పెద్దది వేసుకుంటే ఆ ఉబ్బు ముందుకు జరిగి వేళ్ల మొదళ్ల వెనక పొడుచుకుంటుంది. నాలుగు రోజులు పోతే అలవాటవుతుందని దుకాణంవాళ్లు చెప్పేది సగం నిజం. ఆసరా అలవాటు కావడానికి వారం పదిరోజులు పడుతుంది, నిజమే. తప్పు చోట గుచ్చుకునేది మాత్రం ఎన్నాళ్లకీ అలవాటవదు. చదునైన పాదాలవాళ్లకు తక్కువ ఎత్తులో గట్టి ఆసరా సరిపోతుంది. వంపు బాగా ఎక్కువున్నవాళ్లకు గుంట నిండేంత ఉబ్బు, దానితో పాటు మడమ కింద ఎక్కువ మెత్త కావాలి. మీ పాదం ఏ రకమో తెలియకపోతే తడికాలితో గచ్చు మీద అడుగు వేసి చూడండి. మధ్యలో సన్నటి గీతే పడితే వంపు ఎక్కువ, పాదం మొత్తం పడితే చదును.

సాయంత్రం పూట కొనండి. ఎండలో తిరిగిన కాళ్లు పొద్దుటికంటే ఉబ్బి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో అయితే చెప్పక్కర్లేదు. పొడుగు వేలికి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. బెల్టులు వెల్క్రోతో సర్దుకునేలా ఉంటే మధ్యాహ్నానికి ఒక గీత వదులు చేసుకోవచ్చు.

ధరల దగ్గర ఓపిక నశిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు జతకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. లోపలి ఆసరా, వెనక బెల్టు, రబ్బరు అడుగు మూడూ ఉన్న శాండల్స్ ఎక్కువగా ఆ గీతకు అవతలే ఉంటున్నాయి. సోకుకి కొనేవాళ్లకూ నడవలేక కొనేవాళ్లకూ ఒకటే పన్ను. ఖర్చు తగ్గించుకోవాలంటే మంచి దారి ఒకటుంది. లోపలి ఇన్‌సోల్ ఊడివచ్చే రకం శాండల్ మామూలు ధరలో కొని, అందులో ముప్పావు పొడుగు ఆసరా ఇన్‌సోల్ వేసుకోవడం. కోఠి సర్జికల్ దుకాణాల్లో అడిగితే చూపిస్తారు. మడమ కింద పెట్టుకునే సిలికాన్ హీల్ కప్పులు కూడా అక్కడే ఉంటాయి. అవి బూట్లలో బాగా పనిచేస్తాయి, వెనక మూసి లేని చెప్పుల్లో మాత్రం చెమటకి జారిపోతాయి. ఒక్క కాలికే నొప్పి ఉన్నా కప్పులు రెండు కాళ్లకీ వేసుకోవాలి, లేకపోతే ఎత్తు తేడా నడుముకి తగులుతుంది. అదే దుకాణాల్లో ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు అంటగడతారు. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు అవి మంచివే. ఈ మడమ నొప్పికి చదునుగా ఉండే ఎంసీఆర్ ఒక్కటే చాలదు, వంపు ఆసరా పెట్టించుకోవాలి.

చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేసి పరిచిన గ్రానైట్ రాళ్ల మీద నడక గురించి ఒక్క ముక్క. చిన్న చిన్న రాళ్లు, మధ్యలో సందులు. పల్చటి సోలు వేసుకుంటే ప్రతి అంచూ అరికాలికి తెలుస్తుంది. చూడిబజార్ (గాజులమ్మే లాడ్ బజార్) నడకంతా ఆగి నిలబడే నడకే కాబట్టి, ఎంజీబీఎస్ మెట్రో నుంచి అక్కడికి ఆటో ఎక్కితే కాళ్ల బలం మిగుల్తుంది. ఆటోవాళ్లు చెప్పే రేటు విని నీరసం వచ్చినా సరే.

చెప్పులకి అసలు పరీక్ష గోల్కొండలో. కోట ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టే గుంపును దాటాక బాలా హిస్సార్ దాకా సుమారు 360 మెట్లు. రాతి మెట్లు, అరిగినవి, ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు. మా బెజవాడ దుర్గమ్మ కొండకైతే ఘాట్ రోడ్డుంది, లిఫ్టుంది. ఇక్కడ కాలే దిక్కు. ఎక్కేటప్పుడు చాలామంది పాదం ముందు భాగమే మెట్టు మీద ఆనించి మడమను గాల్లో వదిలేస్తారు. అప్పుడు పిక్క లాగుతుంది, వేళ్లు పైకి వంగుతాయి. వేళ్లు వంగితే పట్టీ బిగుస్తుంది, బరువంతా దాని మీదే పడుతుంది. మెట్టు మీద మడమతో సహా పాదం మొత్తం పెట్టాలి, మెట్టు ఇరుకైతే కాలు కాస్త ఏటవాలుగా పెట్టాలి. ముందుభాగం కాస్త పైకి లేచి ఉండి, గట్టి సోలు ఉన్న శాండల్ అయితే వేళ్లు వంగే అవసరమే తగ్గుతుంది. ఉయ్యాల సోలు అంటారే, అది.

మడమ వైపు మందం, ముందువైపు మందం తేడా కూడా ఇక్కడే తెలిసొస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే ముందువైపు కంటే మడమ వైపు ఎనిమిది నుంచి పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉండాలి. తేడా లేకుండా చదునుగా ఉంటే పిక్క కండరం, దాన్ని మడమకు కలిపే వెనక స్నాయువు బిగిసి పట్టీని లాగుతాయి. అలాగని రెండంగుళాల హీల్ వేసుకుంటే బరువు వేళ్ల మొదళ్ల మీదికి పోతుంది, రోజూ వేస్తే పిక్కలు కురచవుతాయి.

దిగేటప్పుడు హవాయి చెప్పులవాళ్ల అవస్థ చూడండి. పాదం ముందుకు జారుతుంటే చెప్పు ఊడిపోకుండా వేళ్లతో పట్టుకుంటుంటారు. ఆ పట్టుకోవడమే పట్టీకి అదనపు పని. వెనక బెల్టు అందుకే తప్పనిసరి. వేళ్ల మీద ఒకటి, పాదం పైన ఒకటి, మడమ వెనక ఒకటి, ఈ మూడూ పాదాన్ని చెప్పుకి కట్టి ఉంచితే వేళ్లు ఊరికే ఉంటాయి. వెనక బెల్టుని తొక్కి మడిచేసి వేసుకోవడం మనవాళ్లకు అలవాటు, అలా చేస్తే కొన్న డబ్బు వృథా. అడుగు రబ్బరుదై, గాళ్లు లోతుగా ఉండాలి. అడుగు కూడా ఇవీఏ నురగతోనే చేసిన చెప్పులు అరిగి నున్నబడ్డ రాయి మీద జారతాయి. జారబోయి కాలు బిగబట్టిన ఒక్క క్షణం చాలు, నొప్పి తిరగబెట్టడానికి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో నడక కంటే నిలబడటమే కష్టం. శుక్రవారం సెలవు. గంట కొట్టే గడియారం ముందు జనంతో పాటు కదలకుండా నిలబడేటప్పుడు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ ఉండాలి. కుర్చీ దొరికితే కూర్చోండి, లేచే ముందు చేయాల్సిన పని మర్చిపోకుండా. ఆ పనేంటంటే, నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో కాలివేళ్లను వెనక్కి, ఆ కాలి మోకాలి వైపు లాగి పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు. అరికాలి గుంటలో రెండో చేయి పెడితే పట్టీ తీగలా బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది, తెలిస్తేనే సరిగ్గా చేస్తున్నట్టు. శాతవాహన ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటల తరబడి కూర్చుని దిగే ముందు కూడా ఇదే.

బిర్లా మందిరంలో ఏ చెప్పూ లోపలికి రాదు. కొండ మీద పాలరాయి, ఉత్తకాళ్లు, గట్టి నేల. పొద్దున్నే తెరిచిన కాసేపటికే వెళ్తే రాయి కాలదు, క్యూ పొట్టిగా ఉంటుంది, నిలబడే సేపు తగ్గుతుంది. అడుగున మందంగా ఉన్న మేజోళ్లు వేసుకుని, మడమ కింద పల్చటి సిలికాన్ కప్పు లోపల పెట్టుకుంటే ఆ అరగంటా గడుస్తుంది. కాకపోతే నున్నటి రాయి మీద మేజోళ్లు జారతాయి, అడుగున రబ్బరు చుక్కలున్నవి చూసుకోండి. మక్కా మసీదుకీ ఇదే జాగ్రత్త. విప్పడం, వేసుకోవడం రోజుకి ఎన్నోసార్లు ఉండే ఊరు కాబట్టి లేసుల బూట్ల కంటే వెల్క్రో శాండల్ మేలంటాను. బూట్లే కావాలంటే పైన జాలీ ఉన్న రన్నింగ్ షూ, పల్చటి మేజోళ్లు. చెమటకి తడిసిన ఇన్‌సోల్ రాత్రి బయటికి తీసి ఆరబెట్టాలి.

వేడి వల్ల చెప్పులకే జరిగే హాని ఇంకొకటుంది. క్రాక్స్ లాంటి ఇవీఏ చెప్పుల్ని మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే కుంచించుకుపోతాయి, సైజు తగ్గి వంపు ఉబ్బు చోటు మారుతుంది. బిర్కెన్‌స్టాక్ రకం కార్క్ అడుగులకూ ఎండలో, నీళ్లలో నానడం పడదు. పీయూ (పాలీయురేథేన్) సోలుది మరో గొడవ. వాడకపోయినా గాలిలో తేమకి లోపల్లోపలే చివికి, అటక మీంచి దించి వేసుకున్న రోజే ముక్కలై రాలుతుంది. మా కోస్తా ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ. రెండు మూడేళ్లు దాచిన జత అయితే ప్రయాణానికి ముందే వంచి, గోటితో గీరి చూడండి. కొత్త జతనైతే ఇంట్లో రోజుకి గంటా రెండు గంటలతో మొదలుపెట్టి, కనీసం వారం వాడాకే ఊరికి తీసుకెళ్లండి.

హోటల్ గదుల్లో గచ్చు అంతా టైల్సే. మంచం పక్కనే శాండల్స్ పెట్టుకోవాలి, గదిలో ఇచ్చే పల్చటి స్లిప్పర్లు ముట్టుకోకూడదు. వేళ్లు లాగే వ్యాయామం మంచం దిగకముందే చేసి, శాండల్స్ వేసుకున్నాకే నేల మీద బరువు పెట్టాలి. రాత్రి నీళ్ల సీసా గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద అయిదు నుంచి పది నిమిషాలు దొర్లించండి. హోటల్ ఫ్రిజ్ గడ్డకట్టించకపోతే కింది కిరాణా కొట్టులో కొన్న సీసా డీప్ ఫ్రీజర్‌లో పెట్టిస్తారు, అడిగితే కాదనరు. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఐసు జోలికీ, ఉత్తకాళ్ల నడక జోలికీ పోవద్దు. పడుకున్నా తగ్గని నొప్పి, తిమ్మిరి, వాపు, జ్వరం, లేదా పడిన తర్వాత మడమ ఆనించలేకపోవడం ఉంటే చెప్పులు మార్చుకుంటూ కూర్చోకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.