నాగరాజు పక్షాన

కడపలో అక్కవాళ్ల ఇంట్లో అందరం కూర్చుని ‘మల్లీశ్వరి’ మరోసారి చూశాక, సినిమాల్లోనూ కావ్యాల్లోనూ నాకు ఎలాంటి ప్రేమికుడు నచ్చుతాడో మరింత స్పష్టంగా తెలిసివచ్చింది. ఈ జిల్లాలోనే పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన ఆ సినిమాలో నాగరాజు శిల్పి; పేదవాడని మరదలు మల్లి తల్లి ఈసడించినప్పుడు అతడు ఎవరితోనూ కలియబడడు, ఊరు విడిచి వెళ్లి ఉలి పట్టి సంపాదించుకుని వస్తాడు. చేతిలో ఒక పని ఉండి, తన దిగులును కూడా ఆ పనిలోకే దించగలిగిన మనిషి మీద నాకు మొదటి నుంచీ మోజు. పైగా, మారువేషంలో ఉన్న రాయలవారిని మల్లికి పల్లకీ పంపించమని సరదాగా అడిగినవాడూ అతడే కనుక, ఆ పల్లకీ నిజంగానే వచ్చి మల్లిని అంతఃపురానికి తీసుకుపోయాక కలిగిన ఎడబాటులో అతడి వంతు కూడా ఉంది. ఆ లోపమే అతడిని నాకు మరింత దగ్గర చేస్తుంది.

అక్క కూతురు మాత్రం ఒప్పుకోలేదు. “అంత ఓపిక ఏంటికి చిన్నమ్మా, మొదట్లోనే మల్లిని పిల్చుకపోయింటే సరిపోయేది గదా” అంది. కథ అక్కడే ముగిసిపోయేదన్నది వేరే సంగతి.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ కావ్యంలోని ప్రవరుడు మాత్రం, ఎంత నిష్ఠాపరుడైనా, నా మనసుకు ఎక్కలేదు. హిమాలయాల్లో చిక్కుకుని ఇంటికి తోవ అడగడానికి వచ్చినవాడు, అక్కడి అప్సరస వరూధిని మనసు విప్పి చెప్పుకున్నా తన నిత్యకర్మల ధ్యాసలోనే ఉంటాడు. ఇంట్లో భార్య ఉన్నవాడు కనుక తప్పు పట్టలేను, కానీ నా ఇష్టమంతా వరూధిని మీదే.